క్షణ క్షణం: ఆ పిల్ల భయపడుతుంటే మనం ఎందుకు నవ్వాం?

పాలకొల్లు నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చాను. పోయినసారి ఎపిసోడ్‌లో చెప్పాను కదా, ఈసారి ఒక పాత సినిమా పదిమందితో కలిసి చూసి, వాళ్ళేమన్నారో మీకు చెప్తానని. చెప్పినట్టే చేశాను. అయితే నేననుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి. సినిమా గురించి మాట్లాడదామని కూర్చుంటే, మాట మా ఇంట్లోకే వచ్చేసింది. అది చివర్లో చెప్తాను.

సినిమా పేరు ‘క్షణ క్షణం’. 1991 అక్టోబరులో వచ్చింది. రామ్ గోపాల్ వర్మ దర్శకుడు, వెంకటేష్, శ్రీదేవి, పరేష్ రావల్. కీరవాణి గారి సంగీతం, ఎస్. గోపాల్ రెడ్డి గారి ఛాయాగ్రహణం. ‘శివ’ తర్వాత వర్మ తీసిన తెలుగు సినిమా ఇదే. ‘శివ’ చూసి సైకిల్ చైన్లు లాగిన కుర్రాళ్ళు, మళ్ళీ అలాంటిదే వస్తుందని హాలుకి వెళ్ళారు. వెళ్తే అక్కడ హీరో చిల్లర దొంగ. హీరోయిన్ ప్రతి చిన్నదానికీ హడలిపోతుంది. విలనేమో చంపడానికి వస్తాడు, వచ్చి మనల్ని నవ్విస్తాడు! అప్పట్లో మాకిది కొత్త సరుకండి బాబూ.

ఇలాంటి సినిమాని ఏమంటారో ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. రోడ్ సినిమా అంటే కథ ఒక ఊళ్ళో కూర్చోదు. మనుషులు దారిలో పడతారు, దారి వాళ్ళని మారుస్తుంది. థ్రిల్లర్ అంటే మీకు తెలుసు. మూడోది బ్లాక్ కామెడీ. చావు, దొంగతనం, కిడ్నాప్ లాంటి నవ్వకూడని వాటి దగ్గర నవ్వు పుట్టించడం. వర్మే నిర్మాతగా శివనాగేశ్వరరావు గారు 1993లో ‘మనీ’ తీశారు, గుర్తుందా? భార్యని కిడ్నాప్ చేస్తే, ఆ మొగుడు పీడా పోయిందని సంబరపడతాడు. ఘోరమే కదా అది? అయినా పగలబడి నవ్వాం. ఆ తర్వాత 1997లో మళ్ళీ వర్మే ‘అనగనగా ఒక రోజు’ తీశారు. ప్రేమికులిద్దరూ లేచిపోతారు, దారిలో హత్య గొడవ చుట్టుకుంటుంది, మధ్యలో మైఖేల్ జాక్సన్ అనే పేరుతో బ్రహ్మానందం. ఈ రెండింటికీ పెద్దక్క ‘క్షణ క్షణం’.

కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. చివర చెప్పను, కంగారు పడకండి. నాయర్ అనే దొంగల నాయకుడి ముఠా బ్యాంకు దోచుకుంటుంది. ముఠాలో ఒకడు నాయర్‌కే నామం పెట్టి ఆ డబ్బు ఒక క్లోక్‌రూమ్‌లో దాచేస్తాడు. దాని రసీదు చేతులు మారి, చివరికి ఒక ఫోటోల కవరులోకి చేరుతుంది. ఆ కవరు స్టూడియో నుంచి ఇంటికి తెచ్చుకున్న అమ్మాయి సత్య, అంటే శ్రీదేవి. ఉద్యోగం చేసుకుంటూ, తన మానాన తాను బతుకుతున్న మధ్యతరగతి పిల్ల. తన కవరులో ఏముందో కూడా తనకి తెలియదు. ఆ రసీదు కోసం ఇంటిమీదికి మనుషులొస్తారు. పెనుగులాటలో ఒకడు చచ్చిపోతాడు. తానే చంపేశానని ఆమె అనుకుంటుంది. అక్కడి నుంచి పరుగు. ఆ పరుగులో కలిసినవాడే చందు, అంటే వెంకటేష్. వెనకాల ఒక పక్క నాయర్ ముఠా, ఇంకో పక్క పోలీసు ఇన్‌స్పెక్టర్ యాదవ్. ఊరు దాటి అడవిలో పడతారు.

ఇదీ కథ. పోయిన ఆదివారం సాయంత్రం మా మేడ మీద టీవీ పెట్టాం. మా అక్క దిబ్బరొట్టి వేసింది, పానకం కలిపింది. మా అక్క, బావగారు, వాళ్ళమ్మాయి, మా బాబాయి, వీధి చివర ఉండే రిటైర్డు మాస్టారు, పక్కింటి ఇంజనీరింగు కుర్రాడు, వాడి స్నేహితులిద్దరు. పేర్లెందుకులెండి. అందరం కలిసి చూశాం.

సినిమా అయ్యాక ఒక్కొక్కరినీ అడిగాను, ఎలా ఉందని.

ముందు మాస్టారు అందుకున్నారు. ఆయనకి ఇంగ్లీషు సినిమాల పిచ్చి. “ఇది మనది కాదయ్యా, 1984లో వచ్చిన ‘రొమాన్సింగ్ ద స్టోన్’ చూడు, అందులోనూ ఇదే ధోరణి. భయస్తురాలైన ఆడమనిషి, తెగించిన మగాడు, అడవి, వెనక దొంగలు” అన్నారు. ఆ పోలిక మాస్టారొక్కరే చెప్పింది కాదు, ఏళ్ళ తరబడి చాలామంది చెప్పిందే. నేను కాదనలేదు. కానీ ఒక్క తేడా చెప్పానండి. ఆ ఇంగ్లీషు సినిమాలో హీరోయిన్ నవలలు రాసే ఆవిడ. తోబుట్టువుని కాపాడుకోవడానికి తనంతట తానే విమానం ఎక్కి వేరే దేశం వెళ్తుంది. ప్రయాణం ఆమె నిర్ణయం. మన సత్య ఎక్కడికీ బయలుదేరలేదు. ఫోటోలు తెచ్చుకోవడానికి స్టూడియోకి వెళ్ళింది, అంతే. ప్రమాదం కవరులో కూర్చుని ఆమె ఇంటికి వచ్చింది. సాహసం చేయాలని కోరిక ఉన్నవాళ్ళ కథ వేరు, ఏ కోరికా లేకుండా నెత్తిన పడ్డవాళ్ళ కథ వేరు. మాస్టారు కాసేపు ఆలోచించి, “అదీ నిజమేలే” అన్నారు. ఆయన నోట అంతమాట రావడమే గొప్ప.

తర్వాత పక్కింటి కుర్రాడు. వాడికి 20 ఏళ్ళు. వాడి ఫిర్యాదు, సినిమా మధ్యలో నడక తగ్గిందని, తరుముతున్నవాళ్ళని మర్చిపోయి పాటలు పాడుకుంటున్నారని. ఇది ఒప్పుకోవాలి. అడవిలోకి వెళ్ళాక కథ కొంచెం కాళ్ళు చాపుకుంటుంది. వాడింకో మాట కూడా అన్నాడు. “అంకుల్, ఆవిడ చేతిలో ఒక్క ఫోన్ ఉంటే సినిమా 20 నిమిషాల్లో అయిపోయేది. పోలీసులకి చెప్పేది కదా” అన్నాడు. అందరం నవ్వాం. మా మేనకోడలు మాత్రం నవ్వలేదు. అప్పుడు నేను గమనించలేదండి, తర్వాత గుర్తొచ్చింది.

ఆ కుర్రాడికి నేనే జవాబు చెప్పాను. పోలీసులకి చెప్పడానికి ఫోన్ అడ్డం కాదురా, పోలీసే అడ్డం అని. ఈ సినిమాలో తెలివైన సంగతి అదే. తానే హత్య చేశాననుకుంటున్న అమ్మాయి స్టేషనుకి ఎలా వెళ్తుంది? ఒకవేళ వెళ్ళినా అక్కడున్నది ఇన్‌స్పెక్టర్ యాదవ్. వాడికి కావాల్సింది న్యాయం కాదు, ఆ డబ్బు. అంటే దొంగా పోలీసూ ఇద్దరూ ఒకే రసీదు కోసం పరిగెడుతున్నారు. మధ్యలో ఉన్న అమ్మాయికి వెళ్ళడానికి చోటు లేదు. అందుకే చివరికి ఒక చిల్లర దొంగని నమ్ముకోవాల్సొచ్చింది. మామూలుగా చెప్తే ఇది ఏడుపు కథ. దీన్ని నవ్వుకుంటూ చూసేలా తీయడమే ఈ సినిమాలో ఉన్న విద్య.

మా బాబాయి అభిప్రాయం వినండి, నాకు బాగా నచ్చింది. ఆయన 30 ఏళ్ళు లారీ నడిపాడు. మా పాలకొల్లు నుంచి కొబ్బరికాయల లోడు ఉత్తరాదికి వెళ్తుంది, మీలో చాలామందికి తెలుసు. ఆయన ఆ లారీల మీదే జీవితం గడిపాడు. రాత్రిళ్ళు ఘాట్ రోడ్లు, తెలియని భాషలు, చెక్‌పోస్టులు. ఆయనన్నాడు, “దారి మీద ఉన్నోడు నవ్వుకోవాలిరా. నవ్వుకోకపోతే నిద్రొచ్చేస్తుంది. నిద్రొస్తే చచ్చిపోతాం.” డ్రైవర్లంతా దాబా దగ్గర కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారో తెలుసా అని అడిగాడు. ఎవరి లారీ ఎక్కడ బోల్తా పడింది, ఎవరిని ఎక్కడ దొంగలు కట్టేసి లోడు పట్టుకుపోయారు, అవే మాటలట. అవే చెప్పుకుని పడిపడి నవ్వుకుంటారట. “బతికొచ్చినోడే నవ్వుతాడు. నవ్వుతున్నాడంటే బతికొచ్చాడని లెక్క” అన్నాడు. నేను ఇన్నాళ్ళూ ఈ సినిమా గురించి మాట్లాడాను గానీ, ఇంత సూటిగా ఒక్కసారీ చెప్పలేకపోయాను.

బాబాయికి పరేష్ రావల్ నచ్చాడు. ఎందుకంటే నాయర్ చేతికింద అందరూ మొద్దులే. చెప్పిన పని ఒక్కటీ సరిగ్గా చెయ్యరు. వాడు వాళ్ళమీద అరుస్తుంటే మనకి నవ్వు. “ఓనరు, క్లీనరు గొడవలా ఉంది” అన్నాడు బాబాయి. అయితే ఒకటి చూడండి. నాయర్ నవ్విస్తాడు గానీ నవ్వులాటకి వచ్చినవాడు కాదు. చంపడానికి చెయ్యి వెనకాడదు. వాడి చేతకానితనం చూసి నవ్వుతూనే, ఆ నవ్వు నోట్లో ఉండగానే ఒళ్ళు జలదరిస్తుంది. విలన్‌ని జోకర్ని చేసేస్తే భయం పోతుంది. రాక్షసుణ్ణి చేసేస్తే నవ్వు పోతుంది. రెండూ పోకుండా పట్టుకున్న నటుడు ఆయన.

ఇక్కడ నేను మా ఊరి మాటొకటి చెప్పుకోవాలి, ఏమనుకోకండి. మా పాలకొల్లులో పుట్టిన అల్లు రామలింగయ్య గారు విలన్ పక్కన నిలబడి నవ్వించడంలో తిరుగులేని మనిషి. దాసరి నారాయణరావు గారిదీ, కోడి రామకృష్ణ గారిదీ ఇదే ఊరు. కాబట్టి సినిమాలో నవ్వు గురించి మాట్లాడటానికి మాకు కొంచెం హక్కుందని మేమనుకుంటాం. అల్లు వారి పద్ధతి ఏంటంటే, ఆయన వేసిన మనిషి చేసేది వెధవపనే, దాన్ని ఆయన మంచిపని అని చూపించరు. అందుకే ఆ నవ్వులో మోసం ఉండదు. పరేష్ రావల్ నాయర్‌ని చూస్తే నాకు ఆ పద్ధతే గుర్తొచ్చింది.

సరే, ఇంతవరకు బాగానే నడిచింది. అందరం ఎవరికి ఎక్కడ నవ్వొచ్చిందో చెప్పుకుంటున్నాం. సత్య దేవుడితో మాట్లాడటం, చీమ చిటుక్కుమన్నా గంతెయ్యడం, చందు ఆమెని ఆటపట్టించడం. నేనూ చెప్తున్నాను, 1991లో మా ఊరి హాల్లో ఈ సీన్లకి జనం ఎలా నవ్వారో. నాకప్పుడు 15 ఏళ్ళు. బెంచీ మీద కూర్చుని చూశాను.

అప్పుడు మా అక్క నోరు విప్పింది. అప్పటిదాకా ప్లేట్లు తీస్తూ ఉంది. “ఆ రోజు నేనూ వచ్చాను కదరా ఆ సినిమాకి. నీకు గుర్తుందో లేదో. ఆ పిల్ల అంత హడలిపోతుంటే మీకందరికీ నవ్వెలా వచ్చిందో నాకప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు” అంది.

మేడంతా ఒక్కసారి నిశ్శబ్దం.

నేను సర్దిచెప్పబోయాను. అది సినిమా అక్కా, అలా రాశారు, శ్రీదేవి గారు అంత బాగా చేశారు కాబట్టే నవ్వొచ్చింది, ఆ పాత్రకి ఆవిడకి నంది అవార్డు కూడా వచ్చింది అన్నాను. “ఆవిడ బాగా చేసింది కాబట్టే నాకు భయమేసింది” అంది అక్క.

అండీ, ఈ మాట మీద నేను ఈ వారమంతా ఆలోచించాను. ఒకే సీను. ఒకే హాలు. మగవాళ్ళ బెంచీలో నవ్వు, ఆడవాళ్ళ వైపు భయం. మరి ఏది సరైన చూపు?

దానికి ముందు శ్రీదేవి గురించి ఒక మాట. అంతకు ముందేడు, అంటే 1990లో, ఆవిడ ‘జగదేకవీరుడు అతిలోక సుందరి’లో ఇంద్రుడి కూతురు. ఆకాశం నుంచి దిగొచ్చిన మనిషి. ఏడాది తిరిగేసరికి ఈ సినిమాలో నేలమీద, మామూలు ఉద్యోగం చేసుకునే పిల్ల. శ్రీదేవిని మెప్పించడానికే ఈ సినిమా తీశానని వర్మ చాలాసార్లు చెప్పుకున్నారు. నంద్యాలలో క్లైమాక్స్ తీస్తుంటే ఆవిణ్ణి చూడటానికి ఊరు ఊరంతా పనులు మానేసి వచ్చేసిందని కూడా ఆయనే రాశారు. అంత వెలుగున్న తారని తెచ్చి, ఎవరూ గుర్తుపట్టని మామూలు అమ్మాయిలా నిలబెట్టారు. అందుకే మా అక్కకి అక్కడ తార కనబడలేదు. తనలాంటి మనిషి కనబడింది.

ఇప్పుడు మా మేనకోడలి సంగతి. ఆ పిల్ల భీమవరంలో ఉద్యోగం చేస్తుంది. రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. ఒక్కోసారి ఆలస్యమవుతుంది. బస్టాండు నుంచి ఇంటికి ఓ కిలోమీటరు నడక, అందులో కొంత కాలవ గట్టు. ఆరు నెలల కిందట ఒక రాత్రి ఇంటికొచ్చి మాకో కథ చెప్పింది. ఎవడో బండి మీద వెనకాల వస్తున్నాడట, తను ఆగితే వాడాగుతున్నాడట. తనేం చేసిందంటే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గట్టిగా, “ఆ నాన్నా, ఎస్సై అంకుల్ మనింట్లోనే ఉన్నారా, వచ్చేస్తున్నా, టీ పెట్టించు” అంటూ నడిచిందట. అక్కడ మా బావగారు చేసేది కిరాణా వ్యాపారం, ఏ ఎస్సై తెలియదు. ఆ పిల్ల గొంతు మార్చి మార్చి చెప్తుంటే మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. నేను మరీ ఎక్కువ నవ్వాను. తర్వాత రెండు మూడు సార్లు చుట్టాలొచ్చినప్పుడు అడిగి మరీ చెప్పించుకున్నాను, ఆ ఎస్సై అంకుల్ కథ చెప్పమ్మా అని.

అక్క ఆ మాట అన్నాక, మేడ మీద ఆ నిశ్శబ్దంలో మా మేనకోడలు నెమ్మదిగా అంది. “తమ్ముడు ఇందాక ఫోన్ ఉంటే సరిపోయేదన్నాడు కదా. ఆ రోజు నా చేతిలో ఫోన్ ఉంది. 112 కొట్టొచ్చని నాకు తెలుసు. కొట్టలేదు. కొడితే రేపటి నుంచి ఉద్యోగం మానెయ్యమంటారని భయమేసింది” అంది.

నేనన్నాను, మరి ఇంటికొచ్చాక మాకెందుకు చెప్పలేదే, అంత నవ్వుతూ చెప్పావు కదా అని.

“నవ్వుతూ చెప్తేనే మీరు వింటారు మావయ్యా. ఏడుస్తూ చెప్తే ఆపేస్తారు” అంది.

ఏం చెప్పమంటారండి దానికి? బావగారు తలొంచుకున్నారు. నేనూ అంతే. ఆరు నెలలు ఆ పిల్ల భయాన్ని మేం జోకులా చుట్టాలకి పంచిపెట్టాం. అందులో భయం ఉందని మాకు తట్టనే లేదు.

ఈ మాట విన్నాకే నాకు ఈ సినిమా సరిగ్గా అర్థమైందనిపించింది. బాబాయి చెప్పింది, మేనకోడలు చెప్పింది ఒకటే మాట. నవ్వు భయానికి వ్యతిరేకం కాదు. నవ్వు భయం వేసుకునే చొక్కా. ఆ చొక్కా చూసి మురిసిపోయి లోపలి మనిషిని చూడకపోతే తప్పు చూసేవాడిది.

మరి సినిమా ఆ తప్పు చేసిందా? ఇది అడగాలి. కొంత చేసింది. నిజం చెప్పుకోవాలంటే, సత్యని కొన్ని చోట్ల మరీ అమాయకంగా చూపించి, ఆ అమాయకత్వం మీద చవకగా నవ్వు రాబట్టారు. చందు ఆటపట్టించడం కొన్ని చోట్ల శ్రుతి మించింది. పక్కింటి కుర్రాడి స్నేహితుడొకడు అన్నట్టు, ఈ రోజు అలా తీస్తే ఒప్పుకోరు. మా అక్క కోపంలో సగం ఆ సీన్ల మీదే, దానికి నేను అడ్డం చెప్పను.

కానీ మిగతా సగానికి సినిమాలోనే జవాబుంది. ‘జామురాతిరి’ పాట గుర్తు చేసుకోండి. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు రాశారు, బాలు గారు, చిత్ర గారు పాడారు. అదొక జోలపాట. ఆలోచించండి, తరుముకొస్తున్న కథలో, వెనకాల చంపేవాళ్ళుండగా, అడవిలో రాత్రిపూట జోలపాట ఏంటండి? ఏ లెక్క ప్రకారం చూసినా అక్కడ పాట ఉండకూడదు. మా పక్కింటి కుర్రాడి ఫిర్యాదు అదే కదా. అయినా ఉంది. ఎందుకంటే సత్యకి భయమేస్తోంది, నిద్ర రావట్లేదు. అప్పటిదాకా ఆమె భయంతో ఆడుకున్న చందు, అక్కడ ఆ ఆట ఆపేస్తాడు. జోకు వెయ్యడు. భయపడకు అని గద్దించడు. పక్కన కూర్చుని, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పాడతాడు. అంతసేపూ మనల్ని నవ్వించిన సినిమా, ఆ పాట దగ్గర చెప్తోంది, ఈ పిల్ల భయం నిజమేనయ్యా అని. కథ ఆగిపోయిందని మనం విసుక్కుంటాం గానీ, కథ ఆగాల్సిన చోటే ఆగింది.

నేను ఈ మాట చెప్తే అక్క ఏమందో తెలుసా? “ఆ పాట దగ్గరే నాకు ఏడుపొచ్చింది. మీరంతా హాల్లో ఆ పాటకి బయటికెళ్ళి సోడా తాగొచ్చారు” అంది. నిజమేనండి. వెళ్ళాను. నాకు గుర్తుంది, గోళీసోడా. 30 ఏళ్ళు దాటాక ఆదివారం రాత్రే ఆ పాట మొదటిసారి కూర్చుని పూర్తిగా విన్నాను.

కాబట్టి మీరడిగితే, ఈ సినిమా మీద నా అభిప్రాయం ఇది. ‘క్షణ క్షణం’ చూడాల్సిన సినిమా. అడవిలో కొంచెం సాగతీత ఉంది, కొన్ని ఆటపట్టింపులు ఇప్పుడు గుచ్చుకుంటాయి. కానీ పరేష్ రావల్ కోసం చూడండి, శ్రీదేవి కోసం చూడండి, వెంకటేష్ గారు హీరోయిజం పక్కన పెట్టి ఆవిడకి చోటిచ్చిన తీరు కోసం చూడండి. మన భాషలో ఇలా భయాన్నీ నవ్వునీ ఒకే బండి ఎక్కించి దారి పొడుగునా దింపకుండా తీసుకెళ్ళిన సినిమాలు ఎక్కువ లేవు.

ఇంకొక్క మాట. ఒక్కళ్ళే చూడకండి. మీ ఇంట్లో అమ్మనో, అక్కనో, చెల్లెల్నో, కూతుర్నో పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చూశాక సినిమా బాగుందా అని అడగొద్దు. మీకెక్కడ నవ్వొచ్చింది, మీకెక్కడ నవ్వు రాలేదు అని అడగండి. రెండో ప్రశ్న మర్చిపోకండి. జవాబు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చోండి. మధ్యలో సోడాకి వెళ్ళకండి.

మా ఇంట్లో ఏం మారిందంటారా? పెద్దగా ఏం లేదు. మా బావగారు ఉద్యోగం మానెయ్యమనలేదు. అది ముందే మాటిచ్చారు, అందరి ముందూ. ఆలస్యమైన రోజు ఆ పిల్ల బస్సు ఎక్కగానే ఫోన్ చేస్తుంది, నేనో బాబాయో బస్టాండుకి వెళ్తాం. బాబాయి అయితే పాత లారీ కథలు చెప్తూ నడిపించుకొస్తాడు. మొన్న రాత్రి ఇద్దరూ గేటు తీసుకుంటూ గట్టిగా నవ్వుతున్నారు. ఏంటమ్మా అంత నవ్వు అని అడిగాను. అడిగి, ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

వచ్చే ఎపిసోడ్‌లో ‘అనగనగా ఒక రోజు’ చూసి మాట్లాడుకుందాం. ఈలోగా మీ ఇంట్లో వాళ్ళేమన్నారో నాకు చెప్పండి. ముఖ్యంగా ఎక్కడ నవ్వు రాలేదో చెప్పండి.

ఉంటానండి మరి. నమస్కారం.